మూడు చేపలు, ఒక పసుపు డబ్బా

చేపను నీళ్లలో ఉంచి కూడా చంపబోయిన ఘనుణ్ణి మీరెప్పుడైనా చూశారా? లేకపోతే నన్ను చూడండి.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. కాలు ఒకచోట నిలిచేది కాదు. కోరుట్లలో సెల్‌ఫోన్ కవర్లు అమ్ముకునే నన్ను జగిత్యాలలో మా అక్క ఇంటికి కాపలా పెట్టి, అందరూ సిరిసిల్లలో పెళ్లికి బయలుదేరారు. కాపలా ఇంటికి కాదు లెండి, పదేళ్ల మా అక్క బిడ్డ శ్రీజ పెంచుకునే మూడు బంగారు చేపలకు.

"మామా, రేపు చేపల తొట్టిల సగం నీళ్లు మార్చాలె. నల్లా నీళ్లు ఇయ్యాల్నే పట్టి, మూత లేకుంట పెట్టు. బ్లీచింగ్ వాసన పోవాలె."

"గంతేనా బిడ్డా?"

"ఏ డబ్బా పడితే దాంట్ల పట్టకు. తిరగేసి చూడు, అడుగున త్రికోణంల ప్లాస్టిక్ నంబరు రెండో అయిదో ఉండాలె. రేపు నేనచ్చేవరకు మూడు చేపలు గట్లనే ఉండాలె. ఒట్టెయ్యి!"

దాని నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టేశాను. నా కొంప ముంచింది ఆ ఒట్టే.

స్నానానికని నింపుకున్న బకెట్‌ను బాత్రూంలో అలాగే వదిలేసి వేటలో పడ్డాను. పెరట్లో పెయింటు డబ్బా పనికిరాదు. పురుగుల మందు డబ్బా జోలికి పోలేదు, నాకూ ఆమాత్రం తెలివుంది. వంటింట్లో పప్పు డబ్బాకు అంకే లేదు. అటుకుల డబ్బాకు ఉంది కానీ అది మూడో ఎనిమిదో ఆ దేవుడికే తెలియాలి. ఇంతలో ఫోను మోగింది.

"నీళ్లు పట్టినవా మామా?"

"పట్టిన బిడ్డా."

"ఎంత నంబరు?"

"రెండు," అన్నాను. బడిలో లెక్కల సారుకు కూడా అంత ధైర్యంగా జవాబు చెప్పలేదు.

అబద్ధమాడాక ఇక నిలవలేను, కూర్చోలేను. మర్నాడు మధ్యాహ్నానికి పై అరలో ఒక్క పెద్ద డబ్బా మిగిలింది. వంటింటి బల్బు వెలుతురులో అడుగు కనబడి చావలేదు. ఇంట్లో మంచి లైటు చేపల తొట్టి మీదే ఉంది. తొట్టి మూత ఎత్తి, డబ్బాను ఆ వెలుగులో తిరగేశాను.

"అయిదు! దొరికింది!" అని అరిచాను.

టప్పున డబ్బా మూత ఊడింది. అరకిలో పసుపు తొట్టిలో పడింది. ఇక ఉప్పూ కారమూ వేస్తే పులుసే.

చేపలు పైకొచ్చి నోళ్లు తెరిచాయి. నిజం చెబుతున్నాను, నాకు ఏడుపొచ్చింది. నిన్నటి బకెట్ గుర్తొచ్చి ఒక్క పరుగున తెచ్చి, చాయ్ వడబోసే జాలితో ఒక్కొక్కదాన్నీ అందులోకి మార్చాను.

సాయంత్రం శ్రీజ వస్తూనే బకెట్ మీదికి వంగింది. "ఒకటి... రెండు... మూడు!" అని లెక్కపెట్టింది. నా ఒట్టు నిలిచింది.

మా అక్క మెచ్చుకుంది కూడా. "మంచి పని జేసినవురా తమ్మీ. చేపల నీళ్లు మేం పట్టేది గీ బకెట్లనే. దీని కింద అయిదు ఉంటది."

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టని సామెత. నేను బాత్రూంలో బకెట్ పెట్టుకుని వంటిల్లంతా బోర్లించాను.

శ్రీజ పసుప్పచ్చటి తొట్టిని చూసింది, నా చేతులు చూసింది.

"మామా, మేం గాడ పెళ్లికి పోతే, నువ్వు గీడ చేపలకు నలుగు పెట్టినవా?"

కొండగట్టు అంజన్న సాక్షిగా ఇక జన్మలో మూత చూడకుండా డబ్బా తిరగెయ్యనని అప్పటికప్పుడు దాని నెత్తిన ఒట్టేయబోయాను. శ్రీజ తల వెనక్కి తీసుకుంది.

"చేతులు కడుక్కొని రా మామా, పసుపంటుతది."