పూజగదిలో నెట్టు డబ్బా

ఆ రోజుల్లో ఇంట్లోంచి ఉద్యోగం చెయ్యడమంటే నా దృష్టిలో పైన ఇస్త్రీ చొక్కా, కింద లుంగీ. ఆఫీసు బెంగళూరులో, నేను పుంగనూరులో, మా మేడమీది గదిలో. సరిగ్గా మీటింగు వేళకు లేచి, ముఖాన నీళ్ళు చల్లుకుని కెమెరా ముందు కూర్చునేవాణ్ణి. స్నానం మాత్రం మధ్యాహ్నమే (ఈ సంగతి మా ఆవిడకు ఇప్పటికీ తెలియదు, ఇది చదివి తెలుసుకుంటే తెలుసుకోనీ). కొత్త ఉద్యోగం, ఇంకా పర్మనెంటు కాలేదు. అది కాస్తా ఊడితే నన్ను మదనపల్లె టమేటా మండీలో కూర్చోబెట్టడానికి మా నాయన సిద్ధంగా ఉన్నాడు. ఆ మాట భోజనాల దగ్గర గుర్తుచేస్తూ కూడా ఉండేవాడు.

నెట్టు డబ్బా, అంటే ఇంటర్నెట్టు రౌటరు, కింది అంతస్తులో పూజగదిలో ఉండేది. తీగ లోపలికి రావడానికి ఆ గది గోడకే ముందునుంచీ ఒక కన్నం ఉంది. ఇంకెక్కడా గోడ తొలవడానికి మా అవ్వ ఒప్పుకోలేదు. స్నానం చెయ్యనివాడు ఆ గడప తొక్కకూడదన్నది కూడా అవ్వ చట్టమే. అంటే నా ఉద్యోగానికి ప్రాణంలాంటి డబ్బా దగ్గరికి పొద్దుటిపూట నాకే ప్రవేశం లేదన్నమాట.

ఆ మాయదారి నెట్టు కచ్చితంగా పొద్దున మీటింగులోనే పోయేది. ఒకరోజు ఇట్టే తిరిగొచ్చేది, శుక్రవారమైతే ఎంతకీ వచ్చేది కాదు. నేను నోరు తెరిచినవాణ్ణి తెరిచినట్టే తెరమీద బిగుసుకుపోయేవాణ్ణి (ఆ ఫొటోలు తీసి దాచుకున్న మహానుభావులు మా టీములో ఉన్నారు). సెల్లుతో నడుపుదామంటే దాని సిగ్నలుకు నీళ్ళ ట్యాంకు ఎక్కాలి. చివరికి మా మేనేజరు, "సోమవారం నీ పర్మనెంటు సంగతి తేలుస్తారప్పా. ఆ పొద్దు కూడా మాయమైతే నేనేమీ చెయ్యలేను" అని చెప్పేశాడు.

నెట్టు బాగుచేసే ఆయన మదనపల్లె నుంచి రావాలి. ఆయన అసలు పేరేమిటో గానీ మా అవ్వ పెట్టిన పేరు నెట్టప్ప. వచ్చేసరికి ఎండ నడినెత్తిన ఉండేది. అవ్వ ఆయన చేత కాళ్ళు కడిగించి లోపలికి పంపేది. అప్పటికి స్నానమైన నేనూ వెంట వెళ్ళేవాణ్ణి. చూస్తే లైట్లన్నీ పచ్చగా, బుద్ధిగా వెలుగుతుండేవి. "ఈడ ఏమీ లేదు సార్, ఫుల్లుగా వస్తాండాది" అనేవాడు నెట్టప్ప. ఒకసారి టమేటా లారీలు తీగను గీరుతున్నాయని దాన్ని పైకెత్తి కట్టాడు. ఇంకోసారి నేరం కోతుల మీద పెట్టాడు. డబ్బానే మార్చేశాడు. ఏదీ పనిచెయ్యకపోయేసరికి నావైపు తిరిగి, "మీ లాప్‌టాప్‌కే ఏదో రోగముండాది, సూపించుకోండి సార్" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

నా ముఖం చూసి అవ్వకు జాలేసింది. "యాలరా నాయనా అంత దిగులు? సోమారం నీ కోసరం పెద్ద పూజ సేస్తా. నువ్వు ఆ పొద్దన్నా పొద్దున్నే తలకు పోసుకో" అంది.

పోసుకున్నాను. సోమవారం మీటింగు మొదలైంది, పెద్దలంతా వచ్చారు. "ఇన్నాళ్ళూ ఏం పని చేశావో చెప్పప్పా" అన్నాడు మేనేజరు. నోరు తెరిచాను. నెట్టు పోయింది.

లాప్‌టాప్ చంకన పెట్టుకుని మెట్లు దూకి, స్నానమైందన్న ధైర్యంతో తిన్నగా పూజగదిలోకి వెళ్ళాను. డబ్బా కనబడలేదు. డబ్బా ఉండాల్సిన చోట పెద్ద స్టీలు తపేలా బోర్లించి ఉంది, దానిమీద ఒక చామంతిపువ్వు. (రోజూ మధ్యాహ్నం మాకు చారు కాగేది ఆ తపేలాలోనే.) ఎదురుగా అవ్వ కళ్ళు మూసుకుని, "మా అబ్బోని పని గట్టి సెయ్యి సామీ, వాని నెట్టు పోకుండా సూడు సామీ" అని మొక్కుతోంది.

"అవ్వా! దీనిమీద తపేలా యాల పెట్టినావు?"

"సామి ముందర అది మిటకమిటకమని కన్ను కొడతా ఉంటే నాకు మనసు యాడ నిలుస్తాది? పూజ అయినాక తీస్తానే ఉండాను కదరా రోజూ!"

తిడదామని వచ్చినవాడికి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. తపేలా ఎత్తాను. తెరమీద మేనేజరు ముఖం కదిలింది. అక్కడే చాపమీద కూర్చుని, దేవుళ్ళ సమక్షంలో నా పనంతా చెప్పాను. అవ్వ మాత్రం ఎవరికోసమూ పూజ ఆపే మనిషి కాదు. గంట వాయించి, హారతి పళ్ళెం లాప్‌టాప్‌కు కూడా చూపించింది. మేనేజరు గబగబా కళ్ళకద్దుకుని, "పూజ ఉందని ముందే చెప్పుంటే నేనూ స్నానం చేసి కూర్చునేవాణ్ణి కదప్పా!" అన్నాడు. సాయంత్రానికల్లా ఉద్యోగం ఖాయమైంది. "నేను గట్టిగా పూజ సేయబట్టే" అని అవ్వ కనబడినవాళ్ళందరికీ చెప్పుకుంది, కాదనే ధైర్యం నాకు లేకపోయింది. మరునాటి నుంచి తపేలా బదులు తన పాత చీర ముక్క కప్పేది.

ఇప్పుడు కుప్పంలో ఉంటున్నాను. అవ్వ లేదు. నెట్టు బాగానే వస్తుంది. ఎప్పుడైనా మీటింగు మధ్యలో ఆగితే అందరూ చిరాకుపడతారు. నేను మాత్రం అవ్వ పూజ ఇంకా అయినట్టు లేదే అనుకుని చేతులు కట్టుకుని కూర్చుంటాను. స్నానం కూడా మీటింగుకు ముందే చేసేస్తున్నాను.