అమ్మోరు కాని పొక్కులు

ఈ వానాకాలం చంద్రపూర్‌లో మా అపార్ట్‌మెంటు మెట్ల మీద వేపాకు కాచిన నీళ్ల వాసన తగిలేసరికి, నా మనసు తిన్నగా ఘుగ్గుస్ బొగ్గుగని కాలనీలోని మా పాత క్వార్టర్‌కు పోయి కూర్చుంది.

అక్కడ వానాకాలమంటే నల్లటి బురద, లారీల మోత, దోమలు, సిగిడి పొయ్యి మీద చిటపటలాడే మక్క కంకులు, ఎద్దులకు మొక్కే పోళా పండుగ మర్నాడు పిల్లలమంతా కట్టె ఎద్దులను ఈడ్చుకుంటూ ఇంటింటికీ తిరిగి మిఠాయి అడగడం. ఒక ఏడు ఆ పండుగ ముందర మా చెల్లె లచ్చి ముక్కు కింద దోమ కుట్టినచోట గోకి గోకి నీటిపొక్కులు లేచాయి. అవి పగిలి, తేనె ఎండినట్టు పచ్చటి పక్కులు కట్టాయి.

మా నాయనమ్మ చూడగానే దండం పెట్టేసింది.

"అమ్మోరు పోసింది. నీళ్లు తగలనియ్యద్దు, మందు మాటెత్తద్దు."

ఇంట్లో తాలింపు బంద్, స్నానం బంద్. నిన్నటిదాకా మొట్టికాయలు వేసిన నాయనమ్మే "తల్లీ, సల్లగ సూడు" అని కాళ్లకు మొక్కుతుంటే, లచ్చి మంచం మీద కాళ్లు చాపుకొని నన్ను చూసి నవ్వేది. నాకు ఒళ్లు మండిపోయేది.

ఆ నవ్వు నిలవలేదు. జ్వరం వచ్చింది, చెంప ఎర్రగా వాచి కన్ను మూసుకుపోసాగింది. దాని తువ్వాలతో మూతి తుడుచుకున్న నా గదుమ మీదా అవే పొక్కులు. అత్తకు ఏనాడూ ఎదురు చెప్పని మా అమ్మకు భయమే నోరిచ్చింది.

"అమ్మోరైతే ఒళ్లంత పోస్తది గద అత్తమ్మా! గివి గీకిన కాడల్ల లేస్తున్నయ్. పోరి కన్ను పోతె ఏం జేద్దాం?"

నాయనమ్మ కొంగు సర్దుకొని మా వెంట దవాఖానకు వచ్చింది. మరాఠీ డాక్టరమ్మ చూసి, "ఆజీ, హీ దేవీ నాహీ" అంది. అమ్మవారు కాదు, చీముపొక్కులు. పక్కులను గోరువెచ్చటి నీళ్లతో నానబెట్టి తీసి మలాం రాయాలని, గోళ్లు కత్తిరించి ఎవరి తువ్వాల వాళ్లకే ఉంచాలని, తగ్గినట్టు కనిపించినా మందు మధ్యలో ఆపొద్దని చెప్పింది.

"మరి గిన్నొద్దులు ఎవలికి మొక్కిన్నో!" అని నాయనమ్మ తనను చూసి తానే నవ్వుకుంది. పక్కులు నానబెట్టే పని మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. మందు పట్టి లచ్చి కన్ను తెరిచేదాకా మంచం పక్క నుంచి లేవలేదు. పండుగకు చెల్లె మలాం మెరిసే ముఖంతోనే ఎద్దును ఈడ్చింది. అంత సంతోషంగా మా ఇల్లు మళ్లీ ఎప్పుడుందో నాకు గుర్తులేదు.

ఇప్పుడు ఆ క్వార్టర్లు లేవు, నాయనమ్మా లేదు. నిన్న నాగ్‌పూర్ నుంచి లచ్చి ఫోన్ చేసింది. దాని కూతురికీ అవే పొక్కులు.

"వెంటనే సూపిచ్చిన అక్కా, మందు మొదలువెట్టిన. బడికి పంపద్దన్నరు, నాకు పని కాడ సుట్టి దొరకలే. పిల్ల దగ్గర ఎవలు కూసోవాలె?"

పొద్దున్నే నాగ్‌పూర్ బస్సెక్కాను.