చిన్నప్ప కారు తలుపు

పెట్రోలు డబ్బులు ఇవ్వలేదని చిన్నప్ప మునీశ్వరిని కారులోంచి దించేశాడని మా పుంగనూరు వీధంతా చెప్పుకుంటోంది. ఆ పుకారు పుట్టించిన నోట్లో మన్ను పడ! దించింది నిజమే, నా కళ్లతో చూశాను. కానీ డబ్బుకు కాదు, తలుపు గట్టిగా వేసిందని తిట్టి! చిన్నప్పకు లోకంలో ఒకటే పట్టింపు: తన కారు తలుపు చప్పుడు కాకూడదు.

రోజూ పొద్దున మదనపల్లెకు పోయే ఆ పాత కారులో ముగ్గురు ఖర్చు పంచుకుని ఎక్కుతారు. ఎక్కగానే తిట్లు.

"ఏమప్పా శ్రీరాములూ, పెండ్లాం మీద కోపం నా తలుపు మీదనా?"

"గాలికి పడిందన్నా!"

"గాలికి చేతులుండాయా? దిగు! దిగి మళ్లీ ఎయ్!"

కాబోయే వియ్యంకుణ్ణి కూడా వదల్లేదు. హార్స్‌లీ హిల్స్ పోయేటప్పుడు మలుపులో దింపి, తలుపు వేయడం నేర్పించాడు. ఆ పెండ్లి ఆగకపోవడం పిల్ల అదృష్టం.

మునీశ్వరి మదనపల్లెలో బట్టల కొట్లో పని చేస్తుంది. ఆ పాప తలుపు వేస్తే పెరుగు చట్టి మీద మూత పెట్టినట్టుంటుంది. మొన్న టమోటా రేటు పడిపోయి, వాళ్లాయన పంట కోయకుండా చేలోనే వదిలేశాడు. నా దగ్గర పోయించుకునే పాలు సగానికి తగ్గించింది. కారు మాత్రం మానలేదు.

"ఆడోళ్లకు బస్సు ఊరికే కదమ్మా, ఈ కారు యాల?" అన్నాను.

"కారు మానేస్తే ఇల్లు మునిగిందని వీధంతా అంటారు పెద్దమ్మా."

వీధంతా అంటే నేనే కాబట్టి నోరు మూసుకున్నాను. చిన్నప్ప ఒక్కడికే చెప్పాను.

మర్నాడే గొడవ.

"తలుపు అట్ల ఇరగ్గొడతావా? ఇంక నా కారులో కాలు పెట్టొద్దు! బస్సులో పో!"

"నీ డబ్బా కారు నువ్వే నెత్తిన పెట్టుకో!" అని మునీశ్వరి విసవిసా బస్టాండుకు నడిచింది. ఆనాటి నుంచి చిన్నప్పను తిట్టుకుంటూ, తలెత్తుకుని బస్సెక్కుతోంది. పాలు మళ్లీ మునుపటంత పోయించుకుంటోంది.

నాకు మాత్రం కడుపు మండిపోతోంది. ఆ రోజు తలుపు చప్పుడే కాలేదు! పైగా ఆ సీటు ఖాళీగా తిప్పుతున్నాడు. సదుం నుంచి బదిలీ మీద వచ్చిన టీచరమ్మ అడిగితే, "ఆ పక్క తలుపు చెడిపోయింది" అని తరిమేశాడు. నేనే పోయి ఆ తలుపు తీసి, వేసి చూశాను. వెన్నలా పడింది. ఇక ఆగలేక నిలదీశాను.

"ఏం చిన్నప్పా, ఆ పాపను యాల దించినావు? కష్టంలో ఉంటే ఊరికే ఎక్కించుకోవచ్చు కదా!"

"ఊరికే ఎక్కుతుందా ఆ రోషగత్తె?"

"మరి సీటు యాల ఖాళీ పెట్టినావు? తలుపు బాగానే ఉండాది, ఇప్పుడే సూసినా!"

చిన్నప్ప ముఖం పండు టమోటా అయింది.

"చెడిపోయిందంటే చెడిపోయింది! టమోటా రేటు లేసినాంక అదే బాగవుతుంది. అంతదాకా నీ నోటి తలుపు కూడా ఏసుకో అక్కా. మెల్లగా!"