గస్తోన్ సారు తిట్టని బండి లేదు

సరిగ్గా చూసుకోని బండి కనబడితే గస్తోన్ సారుకి ఒళ్లు మండిపోతుంది. దాని యజమానిని నిలబెట్టి తిడితే గాని ఆ మంట చల్లారదు. అరబ్బు ఎడారి ఊరు తబూక్ బజార్లో తిట్టుకుంటే తిట్టుకోనీండి. పందెం మధ్యలో బండి ఆపి తిట్టే మనిషిని ఏమనాలి? ఆయన పక్క సీట్లో కూర్చునే రాయచోటి ఖాజాని అడిగితే, ‘పిచ్చోడు’ అంటాడు.

ఫ్రాన్సులో ఓ చిన్న ఊళ్లో గ్యారేజీ పెట్టుకుని సుఖంగా బతకాల్సిన మనిషి. అరవై దాటాక ఎడారి పందేల పిచ్చి పట్టింది. వెనక కంపెనీ లేదు, పాడూ లేదు. సొంత పాత బండి, సొంత చేతులు. ఏటా చలికాలంలో వచ్చి, ఖాజా పనిచేసే గ్యారేజీలో ఓ మూల దిగుతాడు. ఇద్దరూ ఇంగ్లీషూ అరబ్బీ కలిపి సంకటి చేసి మాట్లాడుకుంటారు. ఒక్క ఏడైనా చివరి గీత దాటిన పాపాన పోలేదు.

ఎలా దాటుతారు మరి? ఓసారి ఇసుకలో కూరుకుపోయిన పోటీదారుణ్ణి తిట్టడానికి దిగి, తిడుతూనే పార అందుకున్నాడు. తవ్వి లేపాక ఆ మహానుభావుడు వెనక్కి చూడకుండా పోయి కప్పు కొట్టాడు.

“ఆయప్పకు కప్పు, మనకు ఇసక,” అన్నాడు ఖాజా పళ్లు కొరుకుతూ.

“టైర్లలో అంత గాలి ఉంచుతాడా ఎవడైనా?” సారు ధ్యాస ఇంకా ఆ బండి దగ్గరే ఉంది.

ఇలాంటి పాత బండ్లకు వచ్చే ఏడు నుంచి ప్రవేశం లేదని పందెం వాళ్లు తేల్చేశారు. ఇదే ఆఖరు. బయల్దేరే ముందు ఖాజా ఒట్టు వేయించుకున్నాడు.

“సారూ, ఈ ఒక్కసారి నోరు కట్టేసుకోండి. గీత దాటినాక లోకాన్నంతా తిట్టుకుందురు.”

ఒట్టు బాగానే నిలిచింది. ఇంకొక్క మిట్ట ఎక్కితే గీత కనబడుతుందనగా, దారి పక్కన నీళ్ల డ్రమ్ములతో ఓ పాత పికప్, బానెట్ ఎత్తి ఉంది. సారు బ్రేకు తొక్కాడు.

“వద్దు సారూ, మీ కాళ్లు పట్టుకుంటా.”

“దాని గతి చూడు ఖాజా. ఆ ఫ్యాన్ బెల్టు చూడు. పీలికలు.”

దిగీ దిగకుండానే ఫ్రెంచిలో లంకించుకున్నాడు. తలపట్టుకున్న ఖాజా నోట తెలుగు తిట్టు రాగానే పికప్ పక్కనున్న గొర్రెల కాపరికి ప్రాణం లేచొచ్చింది. అతని పేరు ఓబులయ్య, లక్కిరెడ్డిపల్లె మనిషి.

“అన్నా, ఈ పెద్దాయప్ప నన్నేల తిడతాండాడు? గొర్లకు నీళ్లు తీసకపోతాంటే బండి నిల్సిపాయ. పొద్దన్నుంచి నోర్లు తెరుసుకోనుండాయి.”

ఖాజా ఆ మాట చెప్పాడు. సారు తిట్లు ఆపకుండానే తన బండి బానెట్ ఎత్తి, దాని చాటున బెల్టు ఊడదీసి, ఓబులయ్య కాళ్ల దగ్గర విసిరేశాడు. “ఈ చెత్త తీసుకుని నా కళ్లముందు నుంచి పొమ్మను. పారేసేదేనని చెప్పు.”

ఖాజా సారు మీద ఎగిరాడు. వాళ్ల దగ్గరున్నది ఆ ఒక్క బెల్టే. “ఇచ్చేదేదో నవ్వుతా ఇయ్యొచ్చు గదా సారూ. మన పందెమూ పాయ, ఆయప్పకు తిట్లూ పడె.”

సారు గొంతు తగ్గించాడు. “నవ్వుతూ ఇస్తే మన బండి వంక చూసి వద్దంటాడు ఖాజా. తిడితే కోపంలో తీసుకుపోతాడు. ఎవరికీ రుణపడ్డానని అనుకోడు.”

ఇన్నేళ్లుగా పిచ్చోడనుకున్న మనిషిని ఖాజా ఎగాదిగా చూశాడు. తర్వాత ఓబులయ్య వైపు తిరిగి కసిరాడు. “పారేసే బెల్టంట. బిగిచ్చుకోని బిర్న పో, ఆలిస్యం జేయాకు.”

పికప్ వెళ్లిపోయింది. బెల్టు లేని బండి మిట్టదాకా ఎగబాకి, ఆవిర్లు కక్కి ఆగిపోయింది. కింద దూరంగా గీత కనబడుతోంది. బండ్లన్నీ వీళ్లని దాటిపోతుంటే ఈసారి ఖాజాయే ఒక్కోదాన్నీ తిట్టాడు.

ఎండ వాలే వేళకు ఖాళీ డ్రమ్ములు మోగించుకుంటూ పికప్ తిరిగొచ్చింది. ఓబులయ్య తాడు పట్టుకుని దిగాడు, కళ్లెర్రజేసి.

“బుద్దుందా మీకు? బెల్టు బిగిచ్చేటప్పుడు చెయ్యి కాలె, గొర్లకు నీళ్లు పోసినాక గాని నాకు తట్టలే. పారేసే బెల్టు అంత యేడిగా ఉంటాదా? నన్ను యెర్రోణ్ణి జేస్తారా? ఈ వయసులో ఎండకు పడి సస్తే ఎవురప్పా దిక్కు?”

“తాడేసి లాగితే పందెంలో చెల్లదప్పా,” అన్నాడు ఖాజా.

“చెల్లకుంటే మానె. నోరు మూసుకోని కూసో.”

“ఏమంటున్నాడు?” అడిగాడు సారు.

“తిడతాండాడు సారూ. మిమ్మల్నే.”

సారు ముఖం వెలిగిపోయింది. “ఒక్క ముక్క మిగల్చకుండా చెప్పు,” అన్నాడు. పికప్ వెనక ఊగుతూ గీత దాటేదాకా ఖాజా చెబుతూనే ఉన్నాడు.