నాలుగో అడుగు

మొన్న మా మనవడు కొత్త గ్లవుజులు తెచ్చి నా ఒళ్ళో పడేస్తే రబ్బరు వాసన గుప్పుమంది. "తాతయ్యా, ఇప్పుడు గోల్‌కీపర్ ఎనిమిది సెకన్లదాకా బంతి చేతిలో ఉంచుకోవచ్చు, ఎన్ని అడుగులేసినా అడిగేవాడు లేడు" అన్నాడు వాడు. వాడికది ఉత్త కబురే. నాకు మాత్రం ఆ పూట అన్నం సయించలేదు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా అన్నయ్య మా బడి జట్టుకు గోల్‌కీపర్. గ్లవుజుల మాటే ఎరగం. డ్రిల్లు మాస్టారు చెప్పిన రూలు ఒకటే: బంతి పట్టుకుని నాలుగడుగులే వెయ్యాలి, ఆపైన నేలకు కొట్టి మళ్ళీ పట్టుకోవాలి, లేదా వదిలెయ్యాలి, అయిదో అడుగు పడిందంటే అవతలివాళ్ళకు ఫ్రీ కిక్కు. పుష్యమాసంలో, పత్తికాయలు పగిలి చేలన్నీ తెల్లబడి, పొగాకు ఆరబెట్టే బేరన్ల నుంచి కమ్మటి ఘాటు ఊరంతా కమ్ముకునే రోజుల్లో, మిరపకాయలు ఆరబోయడానికి నాన్న నేల తడిపి, ఎడ్లచేత తొక్కించి, పేడతో అలికించి కల్లం చేయించేవాడు. మొదటి కోత ఇంటికొచ్చేదాకా ఆ నున్నటి కల్లమే మా మైదానం. అన్నయ్య బంతితో పరిగెత్తేవాడు, నేను గట్టు మీద నిలబడి అడుగులు లెక్కపెట్టేవాణ్ణి.

"ఒరేయ్ చిన్నోడా, గట్టిగా అరువు. నువ్వు నాలుగన్నావంటే నేను కిందకి చూడను" అనేవాడు. నిజంగానే చూసేవాడు కాదు. నా గొంతు వినగానే బంతి నేలకు తగిలి, బుద్ధిగా చేతిలోకి వచ్చేది.

మా ఊరి బడి ఎనిమిదో తరగతితో సరి. పోటీలో గెలిస్తే అన్నయ్యకు గుంటూరు హాస్టల్లో ఉచితంగా సీటిప్పిస్తానన్నారు మాస్టారు. "సీటొస్తే పో, చదూకో. రాకపోతే మిరపచేనుంది" అన్నాడు నాన్న. నాన్న అన్నాడంటే అన్నట్టే.

మాఘమాసంలో పోటీ. బడి మైదానమంతా నల్లరేగడి, నా పాదం దిగబడేంత నెర్రెలు, వాటి మీదుగానే పిడుగురాళ్ల సున్నంతో గీతలు. రెండు జట్లకూ గోలు లేదు, ఆట ముగియవచ్చింది. అన్నయ్య గాల్లోకెగిరి బంతి అందుకున్నాడు. బంతి పట్టుకున్న కీపర్ని భుజంతో గుద్దినా అప్పట్లో తప్పు కాదు. అవతలి జట్టులోని పొడుగాటి కుర్రాడు అలాగే మీదికొస్తుంటే, అన్నయ్య తప్పించుకుని పక్కకు పరిగెత్తాడు. గీత బయట నిలబడి నేను ఒకటి, రెండు అని లెక్కపెడుతూనే ఉన్నాను. వాడు అన్నయ్యను ఎక్కడ గుద్దుతాడోనని తొందరపడ్డాను. మూడో అడుగు పడిందో లేదో, "నాలుగు!" అని అరిచేశాను.

అన్నయ్య కిందకి చూడలేదు. బంతి నేలకు కొట్టాడు. అది నెర్రె అంచుకు తగిలి, వంకరగా ఎగిరి, ఆ పొడుగాటి కుర్రాడి కాళ్ళ ముందు పడింది. వాడు మెల్లగా గోల్లోకి తోశాడు.

మర్నాడు నాన్న తిట్టలేదు, కొట్టలేదు, కోతబుట్ట అన్నయ్య చేతికిచ్చాడు. సాయంత్రానికి అన్నయ్య వేళ్ళు భగ్గున మండుతుంటే అమ్మ మజ్జిగలో ముంచింది. అన్నం కలుపుకోలేకపోయాడు. పద్నాలుగేళ్ళవాడికి అమ్మ ముద్దలు పెడుతుంటే చూడలేక నేను దొడ్లోకి పోయి ఏడ్చాను. ఆ చేనులోనే అన్నయ్య జీవితం గడిచిపోయింది. ఎప్పుడైనా ఆ మాటొస్తే, "నాలుగడుగులు పడ్డాయిరా, కొట్టక తప్పదు. రూలు మరి, ఎవర్నంటాం?" అనేవాడు. "అవునన్నయ్యా" అనేవాణ్ణి. పిరికివాణ్ణి, అంతకంటే ఏమీ అనలేకపోయాను.

ఇప్పుడు మా ఊళ్ళో పేడతో అలికిన కల్లం ఒక్కటీ లేదు. కాయలు ప్లాస్టిక్ పట్టాల మీద ఆరి, అటునుంచటే కోల్డ్ స్టోరేజీకి పోతున్నాయి. బడి మైదానంలో ఇళ్ళు లేచాయి. ఆ రూలూ పోయింది. అన్నయ్య పోయిన వేసవిలో పోయాడు. మంచం పట్టాక కూడా ఒకసారి నా చెయ్యి పట్టుకుని, "రూలు ప్రకారమే కొట్టాను కదరా" అని అడిగాడు. అప్పుడు కూడా అవుననే అన్నాను. మూడే పడ్డాయని చెప్పుకోవడానికి ఇక నాకు మనిషి లేడు.