హారతి మీద ఒట్టుపెట్టిన ఓటు

మీ ఓటు ఎవరికని దేవుడి ఎదుట నిలబెట్టి అడిగితే, చెప్పనని అనగలరా?

తొంభైల మొదట్లో సిడ్నీలో, వెస్ట్‌మీడ్‌లోని మా పక్క ఫ్లాట్‌లో ఒక ఫిజీ తెలుగు ఆంటీ ఉండేవారు. ఎనభై ఏడులో అక్కడ సైన్యం ప్రభుత్వాన్ని కూలదోశాక భర్తతో వచ్చేశారు. శనివారం భజనలకు ఆమెతో నేనూ వెళ్లేదాన్ని. దేవుడి మీద లేని నమ్మకం నాకు పులిహోర మీద ఉంది.

ఈ దేశంలో ఎన్నికలొస్తే అందరూ ఓటు వేసి తీరాలి. కాని పార్టీ తరఫున ఎవరు నిలబడాలో ముందుగా తేల్చేది ఆ పార్టీ సభ్యులే. మా ప్రాంతంలో ఒకే పార్టీ గెలిచేది కనుక అసలు ఎన్నిక అదే. భజన నడిపే పెద్దమనిషి మా అందరినీ ఆ పార్టీలో సభ్యులుగా చేర్పించారు. ఇన్నాళ్లకు మనకూ నోరొచ్చిందని పొంగిపోయాను.

ఆ ఓటింగు ముందు శనివారం మంగళహారతి అయింది. ఆయన పళ్లెం పట్టుకుని నిలబడ్డారు.

“అందరూ హారతి మీద చెయ్యిపెట్టి చెప్పండి, మన క్యాండిడేట్‌కే వేస్తామని. యూనిటీ ఉండాలి కదా!”

హాస్యమనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. ఒక్కొక్కరే చెయ్యి చాపుతున్నారు.

“అంకుల్, బ్యాలెట్ సీక్రెట్ కదా!”

“మనుషులకి సీక్రెట్టమ్మా. దేవుడికి కాదు.” అప్పుడు నవ్వారందరూ. “అయినా నీకు దేవుడే లేడు, నీ ఒట్టు మాకెందుకు? పులిహోర తిను.”

ఆంటీ కూడా చెయ్యి చాపారు. ఇంటికి నడుస్తూ దారిలో ఏడ్చేశారు. పోటీలో ఉన్న రెండో మనిషి ఒక నర్సు. ఆంటీ భర్త వీసా కోసం ఆఫీసుల చుట్టూ తిరిగింది ఆమే.

“ఆమెకే వెయ్యండి ఆంటీ. ఎవరికి తెలుస్తుంది?”

“నాకు తెలుస్తాది కదా! మా ఆయనది గుండెజబ్బు. ఒట్టు తప్పినాక ఆయనకి ఏమైనా అయితే?”

“కర్పూరానికి మండటమే తెలుసు. ఎవరి గుండె సంగతీ తెలీదు.”

“నీకేం తెలుసు అమ్మాయ్, నీకింకా పెళ్లి కాలేదు.”



మర్నాడు ఆంటీ ఓటు వేసి బయటికొచ్చి, నా ముఖం చూడకుండా అన్నారు: “భజన పెద్దాయన మనిషికే వేసినాను. ఫిజీలో తుపాకి పట్టుకొచ్చి ఓటు లాక్కున్నారు, వాళ్లని తిట్టుకున్నా. ఇప్పుడెవర్ని తిట్టేది?”

ఆ ప్రశ్న నన్నింకా వదల్లేదు.

మీ సంఘంలోనూ ఏ పెద్దాయనో మిమ్మల్ని మూకుమ్మడిగా పార్టీలో చేర్పించి ఉంటారు. ఈ వారమే ఆ పార్టీ స్థానిక బ్రాంచి మీటింగుకు ఒంటరిగా వెళ్లండి. పోటీలో ఉన్నవాళ్లను లేచి ప్రశ్నించండి. ఎవరికి వేస్తావని అడిగినవాడికి, వాడెంత పెద్దవాడైనా సరే, పదిమంది మధ్యే “చెప్పను” అనండి. గట్టిగా అనండి, పక్కనున్న భయస్థురాలికి కూడా వినబడాలి.