బావగారి వెనక కొండ దిగిన రోజు

కోయంబత్తూరు చలి గుర్తొస్తే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది. మార్గళి నెల, అంటే మన ధనుర్మాసం, వస్తే చాలు, మా మిల్లు లైన్ ఇళ్ళలో మగవాళ్ళంతా మంచుకొండలకు కాపలా వెళ్తున్నట్టు మఫ్లర్లు చుట్టుకునేవారు. ఎనిమిదింటికి ఎండెక్కగానే వాటితోనే చెమట తుడుచుకునేవారు. మా బావగారికి, అంటే మా ఆయన అన్నకు, ఆ మఫ్లరు మరీ అవసరం. ఎండాకాలమంతా దాచలేక అవస్థపడే సంగతొకటి చలికాలంలో దాని కింద హాయిగా దాగేది. ఆయనకు చెవులు వినపడవు.

ఇరవై ఏళ్ళు మగ్గాల షెడ్డులో నిలబడ్డ మనిషికి చెవులు మిగలవు. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. కానీ మిల్లు డాక్టరుకు తెలిస్తే ఇంటికి పంపేస్తారని భయం. ఆ భయమే ముదిరి మా ఇంట్లో మర్యాద అయింది. ఎదురుగా నిలబడి మాట్లాడితే ఆయన పెదాలు చూసి జవాబు చెప్పేవారు. జవాబు తప్పితే మేమే ప్రశ్న మార్చుకునేవాళ్ళం. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అనే సామెత ఆ గడప లోపల ఎవరూ అనకూడదు. నేను కాపురానికొచ్చిన వారంలోనే మా తోడికోడలు, నేను అక్కా అని పిలిచే ఆవిడ, ఈ చట్టాలన్నీ వంటింట్లో గుసగుసగా చెప్పింది. గుసగుస ఎందుకో నాకు అర్థం కాలేదు. అరిచి చెప్పినా ఆయనకు వినపడదు కదా!

నా మీద ఇంకో చట్టం కూడా ఉండేది. తమ్ముడి పెళ్ళాం బావగారితో నేరుగా మాట్లాడకూడదు. ఆయనకేదైనా చెప్పాలంటే అక్కకు చెప్పాలి, అక్క ఆయనకు చెప్తుంది.

మా ఆయన అదే మిల్లులో బదిలీ మనిషి. ప్రతి షిఫ్టుకూ గేటు బయట నిలబడాలి. లోపల ఎవరైనా రాకపోతే ఆ పూటకు పిలుస్తారు, లేదంటే టిఫిన్ క్యారియర్లో అన్నం ఇంటికి తెచ్చుకుని తినాలి. ఆరేళ్ళు అలాగే గడిచాయి. ఆ మార్గళిలో ఒక ముసలి నేతగాడు రిటైరయ్యాడు. ఆ గురువారం రెండో షిఫ్టుకు వచ్చి నిలబడితే ఆయన మగ్గాలు నీకే, పర్మనెంటు చేయిస్తానని మేస్త్రీ మా ఆయనకు మాటిచ్చాడు. రాకపోతే వెనకాల నిలబడ్డవాడికి పోతుంది. ఆ మాట విన్నాక సంతోషంతో రెండు రోజులు నాకు అన్నం సయించలేదు.

అలాంటి రోజున ఇంటిపట్టున ఉండకూడదని తేల్చింది బావగారు. ఆయనకు వారపు సెలవు.

"మార్గళిలో కొండెక్కి పెరుమాళ్ళకు దండం పెట్టేసి పనిలో నిలబడితే మంచిదిరా. మధ్యానానికే దిగొచ్చేస్తాము. కవలపడొద్దు, బెంగేమీ వద్దు," అన్నారు.

కొండ మా లైన్ ఇళ్ళకు రెండు మైళ్ళు కూడా లేదు. మా ఆయన పక్కింటి వాచీ అడిగి తెస్తానన్నాడు. బావగారికి కోపమొచ్చింది.

"వాచీ ఎందుకురా? మూడింటికి మొదటి సంగు ఊదుతుంది, మూడున్నరకు రెండోది. ఊర్లో ఎన్ని మిల్లులుండినా మన సంగు నాకు తెల్దా?"

సంగంటే మిల్లు సైరను. రెండోది ఊదగానే గేటు మూసేస్తారు. నేను నవ్వాపుకోలేక గోడవైపు తిరిగాను. మా ఆయన మాత్రం "సరన్నా" అన్నాడు. అన్న ముందు ఆయనకొచ్చిన భాష అంతే.

దారి సన్నంగా, రెండు పక్కలా ముళ్ళకంపతో ఉంది. ముందు బావగారు, వెనక మా ఆయన, తర్వాత అక్క, చివర కట్టుచోరు మూటతో, అంటే దారికి కట్టుకున్న అన్నంతో, నేను. ఎక్కడం సరదాగానే ఉంది, అబద్ధమెందుకు చెప్పాలి? పైన పూజారి రాలేదు. తీర్థం లేకుండా దిగేది లేదన్నారు బావగారు. పూజారి పన్నెండు దాటాక వచ్చాడు. తర్వాత మూట విప్పి పులిచోరు, అదే మన పులిహోర, తిన్నాం. తర్వాత బావగారు చలికి ఎండ కావాలంటూ బండ మీద పడుకుని గుర్రు పెట్టారు. మా ఆయన ఆయన పక్కనే కూర్చుని నీడల్ని చూస్తున్నాడు. లేపమన్నాను. "అన్నే లేస్తాడు," అన్నాడు.

సగం దిగి ఒక రాతి దగ్గర ఆగినప్పుడు మొదటి సంగు ఊదింది. మా ముగ్గురి తలలూ ఒక్కసారి మిల్లు వైపు తిరిగాయి. బావగారు సంగును మా మొహాల్లో చూశారు.

"అది మనది కాదు," అన్నారు తడుముకోకుండా. "తూర్పు పక్క మిల్లుది. మనదానికి ఇంకా నేరముంది, శానా టైముంది, కూర్చోండి." సంచిలోంచి కమలాపండు తీసి ఒలవడం మొదలుపెట్టారు.

"మనదేనండి. మీరు పరుగెత్తండి," అన్నాను మా ఆయనతో.

ఆయన లేచాడు. అన్న మొహం చూశాడు. "అన్న చెప్తాడు కదా. కొంజం ఉండు," అని కూర్చున్నాడు.

అక్కను చూశాను. మూడో ఇంట్లో పాలు పొంగినా వినే మనిషి ఆవిడ. "ఆయన చెప్తే సరిగానే ఉంటుంది," అని తొనలోని గింజలు ఏరుతూ కూర్చుంది.

మళ్ళీ దిగడం మొదలుపెట్టినప్పుడు కూడా అదే వరస. అన్నను దాటి తమ్ముడు నడవకూడదు. నేను అక్కతో చెప్పాను, అక్క మా ఆయనతో చెప్పింది, మా ఆయన "అన్నా, సీక్రం నడువన్నా" అని బావగారి వీపుతో చెప్పాడు. ఆ వీపు మెల్లగా, దర్జాగా దిగుతూనే ఉంది. మధ్యలో చెప్పులో ముల్లు తీసుకోవడానికి ఆగింది. నేను ముళ్ళు తొక్కుకుంటూ ముందుకెళ్ళి ఆయన ఎదుట నిలబడి నోరు తెరిచి ఉంటే సరిపోయేది. చీర చిరుగుతుందని కాదు ఆగింది. కోడలు నోరు తెరిచిందని లైన్లో అంటారని ఆగాను. అందుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

కొండ అడుగున జొన్నచేను దగ్గరకొచ్చేసరికి రెండో సంగు ఊదింది. అప్పుడు పరుగెత్తాడు మా ఆయన, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు.

మేము చేరేసరికి గేటు మూసేశారు. ఆయన గేటు పక్క మోరీ గట్టు మీద కూర్చుని ఉన్నాడు. వెనకాల నిలబడే బదిలీ మనిషి లోపలికి పోయి ఆ మగ్గాల దగ్గర నిలబడ్డాడట.

"ఏమిరా, ఈడ కూర్చుండావు?" అన్నారు బావగారు. "మన సంగు ఊదిందని ఒక మాట చెప్పుండకూడదా?"

మా ఆయన లేచి అన్నకు ఎదురుగా నిలబడ్డాడు. ఒక్కో మాటా విడదీసి, పెదాలు బాగా కదిలేలా చెప్పాడు.

"రెండు సంగులూ ఊదినాయన్నా. నీకు వినపడలే. నీకు ఎప్పుడూ వినపడదు. మాకందరికీ తెలుసు."

టీ బంకు దగ్గరున్నవాళ్ళు ఇటు తిరిగారు. బావగారి కళ్ళు చివరి మాటదాకా తమ్ముడి పెదాల మీదే ఉన్నాయి. ఒక్క అక్షరం కూడా పోనివ్వలేదు, నేను చూశాను. తర్వాత చెయ్యెత్తి చెవి వెనక పెట్టుకున్నారు.

"ఏమిరా? వినపడలే," అన్నారు.

నేను కాపురానికొచ్చాక ఆయన నోట ఆ మాట రావడం అదే మొదలు. నాకు ఒళ్ళు మండిపోయింది. మా ఆయన మళ్ళీ చెప్తాడని ఎదురుచూశాను.

"ఏమీ లేదన్నా, ఇంటికి పోదాము," అని ఆయన పక్కకు తప్పుకుని అన్నకు దారి ఇచ్చాడు.